నల్లమల వాకిట ఒకినావా విద్య

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాటలో డిండి దాటి, హాజీపురము కడ ప్రక్కకు మరలి అచ్చంపేట చేరి, అచటినుండి లింగాల బస్సు నెక్కిన యాత్రికునకు నల్లమల కొండలవరుస ఒక్కొక్క మలుపున ఒక్కొక్క తీరున గోచరించుచు, ఇదిగో దారికి అడ్డముగా వచ్చి నిలుచుననిపించునంత చేరువకు వచ్చి, వచ్చినట్లే వెనుకకు జరిగి, తుదకు చేలకును అడవికిని సరిహద్దున నున్న లింగాల ఊరిని చూపి విరమించును. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదై, 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీనుండి నాగర్‌కర్నూలు జిల్లాలోనికి వచ్చిన యీ మండలమునకు ఒకవైపు పల్లిచేలును పత్తిచేలును, మరొకవైపు అమ్రాబాదు పులుల అభయారణ్యమును కలవు. అప్పాపూర్ వంటి చెంచుపెంటలు ఈ మండలములోనివే. ఏడాదిలో తక్కిన దినములన్నియు తన పనులలో తాను మునిగియుండు నీ యూరు చైత్రపూర్ణిమ వచ్చుసరికి మాత్రము నిద్ర మఱచును. ఏలయనగా సలేశ్వరము లింగమయ్య జాతరకు అడవిలోనికి కాలినడకన పోవు దారులలో నొకటి లింగాల మీదుగా, అప్పాయపల్లి మీదుగా పోవుచున్నది. పాలమూరు పల్లెలనుండి ట్రాక్టర్లలో, ఆటోలలో, మోటారుసైకిళ్లపై వచ్చు జనము ఊరి చెట్లక్రింద నింత వండుకొని తిని, తెల్లవారక మునుపే అడవి ముఖము పట్టుదురు.

నేనును ఆ జాతరకే పోయితిని. లింగాలలో ఉపాధ్యాయవృత్తి యందున్న మిత్రు డొకడు తన యింట బస యేర్పాటుచేసి, మరునాటి మధ్యాహ్నము తనకు బడి ముగిసిన పిదప ఇద్దరము కలిసి అడవిలోనికి దిగుదమని చెప్పెను. అవి ఒంటిపూట బడుల దినములు. ఎండ ముదురకముందే బడి ప్రారంభమై, మిట్టమధ్యాహ్నమునకు ముగియును గనుక, తెలతెలవారుచుండగనే బడిమైదానము పిల్లలతో నిండిపోవునని యాతడు చెప్పగా, చేయ నితరమైన పని లేక నేనును వెంట పోయితిని.

మైదానములో ముప్పదిమంది బాలికలు మూడు వరుసలుగా నిలిచియుండిరి. బడి చుడీదారులపై చున్నీలను నడుములకు బిగించి, జడలను రిబ్బన్లతో మడిచి కట్టుకొని, మొరము నేలమీద ఉత్తకాళ్లతో నిలిచి, "ఇచ్చి! ని! సన్! షి!" అని ఒక్కగొంతుతో అరచుచు, అరపున కొక్క అడుగు చొప్పున ముందుకు వచ్చుచుండిరి. పసిఫిక్ మహాసముద్రపు టంచున నున్న ఒక దీవినుండి బయలుదేరిన లెక్క నల్లమల వాకిట ఆ ఉచ్చారణతో వినవచ్చుట విని నాకు నవ్వు రాలేదు, ఆశ్చర్యమే కలిగెను. ముందువరుసలో పదేండ్లు మించని యొక చిన్నది గుద్దు విసరిన ప్రతిసారియు, ముందుకు పోయిన పిడికిలికంటె వెనుకకు వచ్చిన పిడికిలిపైననే దృష్టి నిలిపి, దానిని అరచేయి మీదికి వచ్చునట్లు త్రిప్పి పక్కటెముకల క్రింద నాటుచుండెను. అది సరిగా కుదిరిన పిమ్మట గాని తరువాతి యడుగు వేయదు. తక్కినవారు ఒకడుగు ముందుకు పోయినను ఆ పిల్లకు తొందర లేదు.

తరువాత కటా, అనగా ముందుగా కూర్చియుంచిన కదలికల వరుస, మొదలయ్యెను. ఎడమవైపునకు తిరిగి ఎడమచేతితో క్రిందికి అడ్డుకొట్టి, కుడికాలు ముందుకు వేసి గుద్ది, వెనుదిరిగి మరల అడ్డుకొట్టి, ఇట్లు ఇరువదియొక్క కదలికలలో ముగియు నా వరుసకు హెయాన్ షోదాన్ అని పేరు. నడుమ ఒక చోట చేయి నొసటిపైకి లేపి మూడడుగులు ముందుకు వచ్చి, మూడవదానికి బిగ్గరగా కేకపెట్టి, అటుపిమ్మట ఎడమభుజము మీదుగా ముప్పాతిక చుట్టు తిరుగవలసియున్నది. అచ్చటనే వరుసలు చెదరును. సగముమంది అటును సగముమంది ఇటును తిరిగి, ఒకరిముఖ మొకరు చూచుకొని ఫక్కున నవ్విరి. వెనుకకు వచ్చు పిడికిలిని ప్రేమించు ఆ చిన్నది మాత్రము సరియైన దిక్కునకే తిరిగి, నవ్వుచున్నవారి నడుమ నొక్కతెయే నిలువబడియుండెను.

నేర్పుచున్న మాస్టరునకు ముప్పది యేండ్లు దాటియుండవు. ఉదయముననే మోటారుసైకిలుపై అచ్చంపేటనుండి వచ్చును. విరామములో మిత్రుడు నన్ను పరిచయము చేయగా, అతడు వినయముగా నమస్కరించి, "మాది షోటోకాన్ సార్. మా మాస్టర్ హైదరాబాద్‌ల నేర్చుకున్నడు, నేను ఆయన దగ్గర నేర్చుకున్న. బ్లాక్ బెల్ట్ వచ్చి ఏడేండ్లయింది," అనెను. కరాటే ఎక్కడ పుట్టినదని యడిగితిని. అతడు తడుముకొనలేదు. "మన దగ్గర్నే పుట్టింది సార్. బోధిధర్ముడు ఇక్కడికెళ్లి చైనా పోయి షావోలిన్‌ల నేర్పిండు. అక్కడికెళ్లి జపాన్ పోయింది. సినిమా కూడ వచ్చింది గద సార్!" అతని కన్నులలో మెరసినది ఆత్మీయమైన గర్వము. దానిని అచ్చటనే ఖండించుటకు నాకు మనసొప్పలేదు; పిల్లలు వినుచుండిరి. కాని ఆ ప్రశ్న నాతోకూడ అడవిలోనికి నడచి వచ్చెను.

అప్పాయపల్లి దాటి చెట్లనీడలో ప్రవేశించిన పిదప "వస్తున్నాం లింగమయ్యా!" యను కేకలు ముందునుండియు వెనుకనుండియు వినవచ్చుచుండగా, నేను మాస్టరు చెప్పిన కథనే తలపోసితిని. నిజము చెప్పవలెనన్న, ఆ కథను అంగీకరించుటకు తెలుగువానికున్నంత ప్రలోభము మరియొకరికి లేదు. జెన్ సంప్రదాయము తన గురుపరంపరను బుద్ధునినుండి లెక్కించుచు, ఇరువదియెనిమిదవవానిగా బోధిధర్ముని, పదునాల్గవవానిగా ఆచార్య నాగార్జునుని పేర్కొనును. ఆ నాగార్జునుడు శ్రీపర్వతమున వసించెనని ఐతిహ్యము. ఈ కొండలనుండి దిగువకు పారు కృష్ణ యొడ్డుననే, ఇక్ష్వాకు రాజుల విజయపురి కడ, ఆతని పేరిట నాగార్జునకొండ వెలసినది. అచట దొరకిన మూడవ శతాబ్దపు శాసన మొకటి, కాశ్మీర గాంధారములతోపాటు చీనదేశమునందును ధర్మప్రచారము చేసిరని తామ్రపర్ణీద్వీపపు భిక్షువులను కొనియాడుచున్నది. నల్లమలనుండి చీనాకు, చీనానుండి ఒకినావాకు ఒక గీత గీచుటకు ఇంతకంటె సామగ్రి యేల? ఒక పూట కూర్చుండిన చాలును, లింగాల బడిపిల్లల పిడికిళ్లు నాగార్జునుని శూన్యవాదమునకు ముడిపడిపోవును.

అయినను ముడిపెట్టరాదు. బోధిధర్ముని గురించి వ్రాసిన ప్రాచీనులలోనే యేకాభిప్రాయము లేదు: క్రీ.శ. 547 ప్రాంతమున లోయాంగ్ నగరపు విహారములను వర్ణించిన గ్రంథము ఆతనిని పారసీక దేశీయు డనుచుండగా, కొంచెము తరువాతి వారు దక్షిణభారతదేశపు రాజకుమారుడనిరి. ఆతడు షావోలిన్ భిక్షువులకు వ్యాయామవిద్య నేర్పెనను మాటకు మూలము ఈజిన్‌జింగ్ అను పుస్తకము. ఏడవ శతాబ్దపు పీఠికతో వెలసిన యా పుస్తకము వాస్తవముగ పదునేడవ శతాబ్దపు రచన యని పండితుల నిర్ణయము. ఇరువదవ శతాబ్దారంభమున నొక చీనా నవల యీ కథను జనసామాన్యములోనికి తెచ్చెను. 1930 ప్రాంతమున తాంగ్ హావ్ అను చరిత్రకారుడు దీనికి ఆధారము లేదని నిరూపించినను, కథ చావలేదు. చావకపోగా 2011లో సూర్య నటించిన తమిళచిత్రము "సెవెన్త్ సెన్స్" అను పేరిట తెలుగులోనికి వచ్చి, పల్లెపల్లెలకును చేరెను. లింగాల మాస్టరు చెప్పినది ఆ చిత్రమును గూర్చియే. కరాటేకు సంబంధించిన పెద్దవాడే ఈ వంశవృక్షమును ముందుగా త్రోసిపుచ్చెనన్నది ఆతనికి తెలియదు. ఆ పెద్దవానిపేరు ఇతోసు ఆంకో. 1908 అక్టోబరులో ఒకినావా విద్యాశాఖకు తాను పంపిన లేఖను ఆతడు ప్రారంభించుటే, ఈ విద్య బౌద్ధమునుండి గాని కన్ఫ్యూషియసు మతమునుండి గాని రాలేదు, పూర్వము చీనాదేశమునుండి రెండు మార్గములుగా ఒకినావాకు వచ్చినది అని ప్రారంభించెను. ఇంతకంటె స్పష్టముగ చెప్పుట యెట్లు?

ఈ ఇతోసు కథ కొంచెము నెమ్మదిగా చెప్పుకొనవలసినది. జపానునకు దక్షిణమున, తైవానువరకు చెదరియున్న దీవుల సముదాయము పూర్వము ర్యూక్యూ అను స్వతంత్రరాజ్యముగా నుండెను. 1609లో సత్సుమా ప్రభువులు దండెత్తి దానిని లోబరచుకొన్నను, రాజును సింహాసనముననే యుంచి, చీనాతో వర్తకము సాగనిచ్చిరి. ఆయుధములు లేని రైతులు జపాను యోధుల నెదిరించుటకై రాత్రులందు ఉత్తచేతుల విద్య నభ్యసించిరని ఇప్పటికిని చెప్పుచుందురు. వినుటకు రోమాంచము గొలుపు మాటయే గాని, పేర్లు తెలిసిన పూర్వాచార్యులలో రైతులు కానరారు. రాజధాని షురీలోని ఉద్యోగవర్గపు వారే కానవచ్చుచున్నారు. మత్సుమురా సోకోన్ రాజుల యంగరక్షకుడు. ఆతనికడ నేర్చిన ఇతోసు రాజాస్థానమున వ్రాయసకాడు. 1831లో పుట్టి 1915లో గతించిన యాతడు సగము జీవితమును రాజ్యములోను, సగము జీవితమును రాజ్యము లేని కాలములోను గడపెను. ఏలయనగా 1879లో జపాను ప్రభుత్వము ర్యూక్యూ రాజ్యమును రద్దుచేసి, ఒకినావా జిల్లాగా తనలో గలుపుకొనెను. రాజు పోయెను, కొలువు పోయెను, కొలువువారిలో పలువురి జీతములు పోయెను. రాత్రిపూట గోడలచాటున ఒకరిద్దరు శిష్యులకు మాత్రమే చెప్పబడుచుండిన విద్యకు ఇక నిలువనీడ యేది?

ఇతోసు దానికి బడిని చూపించెను. 1901లో షురీలోని ప్రాథమికపాఠశాలలోను, 1905లో మాధ్యమికపాఠశాలలోను కరాటే ప్రవేశించెను. అప్పుడు సమస్య యేమనగా, పూర్వపు కటాలు పెద్దవారికై యేర్పడినవి. కన్నులలో వ్రేళ్లు పొడుచుట, కీళ్లు విరుచుట వంటివి పదేండ్ల పిల్లలకు చెప్పరానివి. అందుచేత ఆ వృద్ధు డున్నవాటిని విడదీసి, చిన్నవిగా మలచి, పినాన్ అను నైదు కటాలను కూర్చెను. పొడుచు వ్రేళ్లను మూసి పిడికిలి చేసెను. పిల్లలను వరుసలలో నిలిపి ఒకేసారి లెక్కతో చేయించు పద్ధతి ఆ బడులలో స్థిరపడెను. లింగాల బాలికలు చేసిన హెయాన్ షోదాన్ ఆ యైదింటిలోనిదే. తరువాతివారు పేరును జపాను ఉచ్చారణలోనికి మార్చి, మొదటిదానిని రెండవదిగా, రెండవదానిని మొదటిదిగా త్రిప్పిరి. అంతకుమించి పెద్దమార్పు లేదు. అనగా, మైదానములో వరుసలుగా నిలిచి, లెక్కకు అడుగువేయు బడిపిల్లలకొరకే పుట్టిన కటాను మైదానములో వరుసలుగా నిలిచిన బడిపిల్లలే చేయుచుండగా నేను చూచితిని. అది ఏ గుహనుండియు ఏ విహారమునుండియు రాలేదు. బడినుండి వచ్చి బడికే చేరినది. నా దృష్టిలో దీనికి మించిన వంశగౌరవము ఆ విద్యకు అవసరము లేదు.

1908నాటి ఆ లేఖలో పది సూత్రములున్నవి. ఇతోసు లోకజ్ఞుడు, అధికారులకు రుచించు మాట యేదో ఎరుగును. ప్రాథమికపాఠశాలనుండి నేర్పినచో ముందుముందు సైన్యమునకు అక్కరకు వచ్చునని చెప్పుచు, నెపోలియనును గెలిచిన వెల్లింగ్టను బడి ఆటస్థలములను గూర్చి అన్నట్లు ప్రచారమందున్న మాటనొకదానిని ఉదాహరించెను. వెల్లింగ్ట నామాట అనియుండడని చరిత్రకారులందురు గాని, ఒక ముసలి వ్రాయసకాడు ఫైలు కదలుటకై విదేశ సేనాపతిని సాక్ష్యము పిలిచిన చమత్కారము నాకు మిక్కిలి నచ్చినది. మన కచేరీలలో పని చేయించుకొన్నవారికి ఆ కిటుకు క్రొత్తది కాదు.

ఇతోసు శిష్యులలో ఫునాకోషి గిచిన్ ఒకడు. 1868లో షురీలో పుట్టిన యీతడు వైద్యకళాశాలలో చేరుటకు అర్హత సంపాదించియు, తలపై సిగ తీయించుకొనుట కుటుంబమున కిష్టములేనందున దానిని మానుకొని, ఇరువదియేండ్లకే బడిపంతులై, ముప్పదియేండ్లకుపైగా ఆ వృత్తియందే యుండెను. సిగ తీయించుకొనిన పిదపనే ఉద్యోగము దొరకెను; సిగ పోయిన కొడుకును చూచి తల్లిదండ్రులు మిక్కిలి కోపించిరట. ఆతని మొదటి గురువు అజాతో ఆంకో, బడిలోని సహపాఠి తండ్రి. రాత్రివేళ ఆ యింటి పెరటిలో ఒకే కటాను వారముల తరబడి చేయించుచు, గురువు చూచుచు కూర్చుండునట. మూడు తెక్కీ కటాలు నేర్చుటకు తనకు పదేండ్లు పట్టినవని ఫునాకోషి ముసలితనమున వ్రాసికొనెను. 1921 మార్చిలో యువరాజు హిరోహితో ఐరోపాకు పోవుచు ఒకినావాలో దిగినపుడు షురీ కోటలో ఈతడు ప్రదర్శన యిచ్చెను. మరుసటి సంవత్సరము విద్యాశాఖవారి వ్యాయామప్రదర్శనకై టోక్యోకు పోయి, తిరిగివచ్చుట మఱచెను. జూడోను స్థాపించిన కానో జిగోరో ఆతనిని తన కొదోకాన్ శాలకు పిలిపించి చేయించి చూచెను. తెల్లని డ్రెస్సు, నల్లబెల్టు, దాన్ అను అంతస్తులు ఇవన్నియు ఆ జూడోనుండి కరాటేకు సంక్రమించినవే. ఫునాకోషి తన శిష్యులకు మొదటి నల్లబెల్టుల నిచ్చినది 1924లో. పసుపు, నారింజ, ఆకుపచ్చ బెల్టులు మరింత యీవలి సంగతి. ఈ బెల్టుల పరీక్షలకు పట్టణములలో తల్లిదండ్రులు చెల్లించుచున్న ఫీజులను తలచుకొన్నప్పుడు, పదేండ్లు మూడు కటాలకే గడపిన యా పంతులు ఏ బెల్టూ లేకయే గురువయ్యెనన్న సంగతి చెప్పబుద్ధి పుట్టును.

కరాటే అను పేరునకు మొదట చీనా సంబంధమును సూచించు వ్రాత యుండెడిది. జపానులో దేశాభిమానము ముదిరి, చీనాతో వైరము పెరిగిన దినములలో ఆ వ్రాతను తొలగించి, ఉత్తచేయి యను నర్థము వచ్చు వ్రాతను చేర్చిరి; 1936 అక్టోబరు 25వ తేదీన నాహాలో ఒకినావా ఆచార్యులు సమావేశమై దానిని ఆమోదించిరి. వంశవృక్షములు వేళ్లతో పుట్టవు, అవసరములతో పుట్టును. బౌద్ధము కావలసినవారు బోధిధర్ముని, జపాను కావలసినవారు సమురాయిని, భారతదేశము కావలసినవారు పల్లవరాజకుమారుని తెచ్చిపెట్టుకొనిరి. పాపము, చీనాలోని ఫూజియాన్ రేవులనుండి వచ్చిన వర్తకులును, వారికడ నేర్చిన ఒకినావా ఉద్యోగులును ఎవరికిని గొప్పగా కనబడలేదు.

షోటో యనునది ఫునాకోషి కవితలకు పెట్టుకొన్న మారుపేరు. 1930వ దశకపు చివర టోక్యోలో శిష్యులు చందాలెత్తి కట్టిన శాలకు ఆ పేరు మీదనే షోటోకాన్ అని పేరు పెట్టిరి; లింగాల మాస్టరు చెప్పిన శాఖ పేరు అదియే. 1945 బాంబుదాడులలో అది నేలమట్టమయ్యెను. ఆతడు మాత్రము 1957 వరకు జీవించెను. ఒకినావాలోని నాహా రేవున హిగావొన్నా కాన్‌ర్యో, ఆతని శిష్యుడు మియాగి చోజున్‌ల ద్వారా వచ్చిన గోజూ శాఖయు, ఇతోసు హిగావొన్నా లిరువురికడను నేర్చిన మాబుని కెన్వా స్థాపించిన షితో శాఖయు వేరువేరు కథలు. మన రాష్ట్రములందు ఈ మూడు శాఖలవారును కలరు. ఒకరి కటాకు మరియొకరు వంక పెట్టుటలో మన వైష్ణవులలో వడగల తెంగలలకు తీసిపోరు.

తెలుగునేలకు ఈ విద్య వచ్చినది బడిదారిన గాదు, సినిమాదారిన. 1973లో విడుదలయిన "ఎంటర్ ద డ్రాగన్" మన పట్టణములలో ఆడినపుడు, బ్రూస్ లీ చేసినది చీనా కుంగ్‌ఫూ అని గాని, ఒకినావా కరాటే వేరని గాని అడిగినవాడు లేడు. చేయి కాలు విసరినదెల్ల కరాటేయే. సుమన్, భానుచందర్ వంటి నటులు నిజముగా నేర్చివచ్చి తెరపై చూపగా, 1980వ దశకమున మేడలపైన, ఖాళీ గోదాములలోను తరగతులు వెలసినవి. అంతకుమునుపు మనకు వ్యాయామవిద్య లేకపోలేదు. కర్రసాము, గరిడీ, హైదరాబాదు తాలీములలో కుస్తీ ఉండెడివి. కోడి రామ్మూర్తి నాయుడు గుండెలపై ఏనుగు నెక్కించుకొని దేశమంతట పేరుపొందిన కాలము షురీ బడులలో ఇతోసు పినాన్ కటాలు చెప్పిన కాలమునకు సమీపమే. కాని మన గరిడీ గురువులలో, తన విద్యను పదేండ్ల బడిపిల్లకు తగినట్లు విడదీసి కూర్చి, విద్యాశాఖకు పది సూత్రములు వ్రాసి పంపినవాడు నాకు కానరాడు. అది మనవారి బలహీనత గాదు, దురదృష్టము. తత్ఫలముగా లింగాల బడిలో ఈనాడు ఒకినావా లెక్క వినబడుచున్నది.

సలేశ్వరపు దారి తుదిభాగము లోయలోనికి దిగును. ఒకవైపు కొండచరియ, మరొకవైపు అగాధము, నడుమ ఒక్క మనిషి పట్టునంత త్రోవ. పోవువారును వచ్చువారును ఒకరినొకరు భుజములు పట్టుకొని దాటించుకొనవలెను. క్రింద గుండము, పైనుండి పడు జలధార, గుహలో లింగమయ్య. అచట పూజారులు బ్రాహ్మణులు గారు, జంగములు గారు, చెంచులే. మాతో దిగిన చెంచుపెద్ద యొకడు బడికి పోవు మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చెను. మిత్రు డాపిల్లను గుర్తుపట్టి, కరాటే చేసి చూపుమనగా, సిగ్గుపడి తాత వెనుక దాగెను. చెంచుల విలువిద్య తనకు ఎవరు నేర్పిరని నేనా తాతను అడిగితిని. "నాయన నేర్పిండు. నాయనకు వాల్ల నాయన. ఇగ ఈ పిల్లలకు ఎవరు నేర్పుతరు? హాస్టల్‌ల ఉంటరాయె," అని, మాట మార్చి, పైనుండి రాళ్లు దొర్లునేమో చూచుకొని నడువుడని హెచ్చరించెను. 1940లో మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ ఈ నల్లమల పీఠభూమిపై చెంచులతో తిరిగి 1943లో ప్రచురించిన గ్రంథమునందు ఆ వెదురువిల్లులు పటములలో కానవచ్చును. విద్య కాగితములలో నిలుచుటకును, చేతులలో నిలుచుటకును మధ్యగల యంతరమును నేను కొనియాడబోను; రెండును లేకపోవుటయే యిచ్చట జరుగుచున్నది.

తిరుగుప్రయాణమున మాస్టరును అచ్చంపేటలో కలిసికొని, ఇతోసు లేఖ సంగతి చెప్పితిని. అతడు మొదట నమ్మలేదు, పిదప, "అంటె ఇది బడిపిల్లల కోసమే చేసిండన్నట్టు, సార్?" అని రెండుసార్లు అడిగెను. బోధిధర్ముడు పోయినందుకు కలిగిన నష్టముకంటె ఇతోసు దొరకినందుకు కలిగిన లాభమే ఎక్కువని అతని ముఖము చెప్పెను. తరువాత అతడు చెప్పిన మాట నాకు ముఖ్యమనిపించినది. సమగ్రశిక్ష క్రింద "రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్" అను పేరిట ప్రభుత్వపాఠశాలలలో ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు బాలికలకు ఆత్మరక్షణ నేర్పు నేర్పాటు కలదు. దాని గడువు ఏడాదికి మూడు నెలలు. శిక్షకునికి నెలకు అయిదువేల రూపాయలు. మూడు నెలలలో ఇరువదియొక్క కదలికల కటా ఒక్కటి నోటికి వచ్చినట్లు చేతికి వచ్చును, అంతే. ముప్పాతిక చుట్టు కడ వరుస చెదరకుండుటకే అవి చాలవు. నేను చూచినపుడు ఆ మూడు నెలలు ముగిసిపోయియుండెను. మాస్టరు పెట్రోలు ఖర్చు తానే పెట్టుకొని వచ్చుచుండెను, పిల్లలు తామే ముందుగా వచ్చి నిలుచుచుండిరి.

ఇతోసు లేఖ కోరినది జాతర కాదు, జెండా కాదు. ఈ విద్యను పాఠశాలలలో నిలకడగా, క్రమముగా నేర్పుడని మాత్రమే. ఆ కోరిక మన విద్యాశాఖకును చెల్లును. బాలికలకు ఆత్మరక్షణ నేర్పుటయే ఉద్దేశమైనచో, మూడు నెలలను పది నెలలు చేయవలెను. శిక్షకునకు ఆ పది నెలలును జీతమియ్యవలెను. లింగాల వంటి అడవియంచు మండలములలో మొదట ఆ పని జరుగవలెను. అదనముగా కావలసినది లింగాలలో మొరముపోసిన మైదానము. అది ఇప్పటికే కలదు.